మావయ్య సంచిలో స్కాన్ ఫిల్ములు

మా నాన్నతో కలిసి ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరైన మావయ్య ఒకాయన పోయిన నెల ఇంటికొచ్చారు. శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్‌ఆర్) రోజుల్లో వలసొచ్చిన కుటుంబం. చేతిలో గుడ్డసంచి, అందులో కొడుకు స్కాన్ ఫిల్ములు. రెండేళ్ళ కిందట హైవే మీద బండి జారి కుర్రాడి తలకు దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి లేవదు, మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది.

సంచిలో ఇంకో కాగితం ఉంది. ఒక నగరంలోని క్లినిక్ ఇచ్చింది. తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోని మూలకణాలను వెన్నులోకి ఎక్కిస్తారట. నాలుగు విడతలు. అడిగిన మొత్తం, గ్రాట్యుటీలో మావయ్యకు మిగిలినదానికి దాదాపు సమానం.

"నువ్వు సదువుకున్నోడివి. ఏటి సెయ్యమంటావు బావు?" అన్నారు.

వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆ సాయంత్రం సరిగా చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

మూలకణాల మీద ఆశ ఉత్తదేం కాదు. దెబ్బకు చచ్చిన మెదడు కణాలు తిరిగి పుట్టవు. ఆ తర్వాత రోజుల్లో వాపు, మంట చుట్టుపక్కల కణాలనూ తినేస్తాయి. బయటి నుంచి పెట్టిన మూలకణాలు కొత్త మెదడైపోతాయని చాలామంది అనుకుంటారు. చాలావరకు అలా జరగదు. రైల్వే ఊరివాళ్ళం కాబట్టి మన భాషలో చెబుతాను. పట్టాలు తప్పిన చోటికి బ్రేక్‌డౌన్ బండి వెళ్ళినట్టు వెళతాయవి. ఆ బండి తానే పట్టా అయిపోదు కదా. మంటను తగ్గించే, మిగిలిన కణాలకు ఊతమిచ్చే ప్రోటీన్లు వదిలి, కొంతకాలానికి అవి కనుమరుగవుతాయి.

ఈ దారిలో అందరికన్నా ముందుకెళ్ళింది జపాన్‌కు చెందిన శాన్‌బయో అనే కంపెనీ. దాతల ఎముక మజ్జ నుంచి తయారుచేసిన కణాలను, పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి, గాయం పక్కనే దించింది. దెబ్బ తగిలి ఏడాది దాటినా కాళ్ళూ చేతులూ స్వాధీనంలోకి రానివాళ్ళ మీద ఈ పరీక్ష జరిగింది. 61 మంది ఫలితాలు లెక్కలోకి తీసుకున్నారు. 46 మందికి కణాలు పెట్టారు, 15 మందికి పెట్టినట్టే చేసి పెట్టలేదు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియదు. 24 వారాలకు, 100 మార్కుల కదలిక పరీక్షలో మొదటివాళ్ళ మార్కులు సగటున 8.3 పెరిగితే రెండోవాళ్ళవి 2.3 పెరిగాయి.

ఆ 2.3 దగ్గర కాసేపు ఆగండి. ఏ కణమూ ఎక్కనివాళ్ళు కూడా కొంత మెరుగయ్యారు. క్లినిక్‌లు ఫోన్లో చూపించే వీడియోల్లో నడుస్తున్న మనిషి నిజమే కావచ్చు. కానీ కణాలు లేకుండా ఆయన ఎంత నడిచేవాడో ఆ వీడియో చెప్పదు. వయసు, వ్యాయామం, కాలం, ఇంట్లోవాళ్ళ ఓపిక చేసిన పనంతా ఇంజెక్షన్ ఖాతాలో పడిపోతుంది.

జపాన్ ప్రభుత్వం 2024 జులైలో ఆ మందుకు షరతులతో, కాలపరిమితితో అనుమతిచ్చింది. పరీక్షల్లో వాడిన కణాలూ అమ్మకానికి తయారుచేసేవీ ఒకటేనని రుజువయ్యేదాకా సరుకు బయటికి పంపకూడదని అడ్డుపెట్టింది కూడా. అవే కణాలను పక్షవాతం రోగులకు ఇచ్చి చూస్తే, 2019 జనవరిలో వచ్చిన ఫలితాల్లో అనుకున్న మేలు కనబడలేదు.

మన దేశంలోనూ పెద్ద పరీక్ష ఒకటి జరిగింది. ఎయిమ్స్‌కు చెందిన డాక్టర్ కామేశ్వర్ ప్రసాద్ బృందం 5 కేంద్రాల్లో 120 మంది పక్షవాతం రోగులను తీసుకుంది. సగం మందికి వాళ్ళ మజ్జ కణాలనే రక్తనాళం ద్వారా ఎక్కించింది. హాని జరగలేదు. కానీ ఆరు నెలలకు రెండు జట్లూ ఒకేలా ఉన్నాయి. 2014లో ఆ సంగతి దాచకుండా అచ్చువేశారు. నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది అందుకే.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు సూటిగా ఉన్నాయి. రక్త వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి లాంటిదే అంగీకరించిన వైద్యం. మన స్టేషన్లో కాట్పాడి బండెక్కి వెల్లూరు సీఎంసీకి వెళ్ళే తలసీమియా పిల్లల తల్లిదండ్రులు ఈ వ్యాసం చదివి కంగారుపడనక్కర్లేదు. తలగాయానికి మూలకణాలు వాడటం మాత్రం ఇంకా పరిశోధన. పరిశోధనలో చేరిన రోగి దగ్గర దానికోసం డబ్బు తీసుకోకూడదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. మీ పరీక్షకు సీటీఆర్‌ఐ (దేశంలో జరిగే వైద్య పరీక్షల రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబరెంత? నంబరు చెప్పకుండా బిల్లు చేతికిస్తే, సంచి సర్దుకుని లేచి వచ్చేయండి.

నాకు కోపం తెప్పించేది ధర ఒక్కటే కాదు. ఆ డబ్బు పోయాక ఫిజియోథెరపిస్టును మానిపించాల్సి వస్తుంది. మాట నేర్పే మనిషి దగ్గరికి వెళ్ళడానికి ఆటో ఛార్జీ ఉండదు. మంచమ్మీద ఉన్న కుర్రాడి కీళ్ళు బిగుసుకుపోతాయి. మెదడులో మిగిలిన భాగం కొత్త దారులు వేసుకోవాలంటే ఒకే కదలికను రోజూ వందలసార్లు చేయించాలి. వీడియోల్లో పెట్టుకోవడానికి ఇది పనికిరాని, విసుగు పుట్టించే పని. కానీ కుటుంబం కూడబెట్టినదంతా పెట్టాల్సింది అక్కడే. ఇది ఒక్క కుటుంబం సంగతి కాదు. 2010లో జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్, 2023లో బాహానగా దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్, రెండు రైలు ఘోరాలూ మన ఖరగ్‌పూర్ డివిజన్‌లోనే జరిగాయి. తలగాయం తర్వాతి బతుక్కి కావాల్సిన శిక్షణ రైల్వే కుటుంబాలకూ బయటివాళ్ళకూ ఇంటి దగ్గరే దొరికేలా చూడమని అడిగే హక్కు ఈ ఊరికి కాక ఎవరికుంది?

మొన్న మావయ్య ఇంటికి వెళ్ళాను. కుర్రాడు గోడ పట్టుకుని నిలబడే అభ్యాసం చేస్తున్నాడు, అత్తయ్య లెక్కపెడుతోంది. క్లినిక్ కాగితం ఇప్పుడు దేవుడి పటం వెనక ఉంది. "నిజమైన పరీక్ష ఏదైనా వస్తే సెప్తావా?" అని గుమ్మం దాకా వచ్చి అడిగారు మావయ్య. ప్రతి నెలా మొదటి సోమవారం రిజిస్ట్రీ చూస్తానని మాటిచ్చాను.