మనోవ్యథకు మాట కూడా మందే

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుండి నా వద్దకు వచ్చే యువతీయువకులలో పలువురు నిద్రలేమి, గుండెదడ, అగ్నిమాంద్యం అని చెప్పుకుంటారు. నాడి, నాలుక పరీక్షించి చూస్తే దేహంలో అంతటి దోషం కానరాదు. వెంట వచ్చిన తల్లిదండ్రులే సమస్తమూ వివరిస్తారు. రోగి తల వంచుకొని కూర్చుంటాడు. చివరకు "ఏదన్నా మంచి లేహ్యం ఇయ్యండి సామీ" అంటారు.

ఇట్టివారికి లేహ్యం కన్న ముందు కావలసినది ఏకాంతంగా మాట్లాడుకొనే అవకాశమని నా దృఢాభిప్రాయం. నేడు దీనిని సైకోథెరపీ అంటున్నారు. ఇది పాశ్చాత్యుల వేలంవెర్రి అని కొందరు పెద్దలు కొట్టివేస్తారు. గురుకులంలో మేము అభ్యసించిన శాస్త్రం అట్లు చెప్పదు. చరకసంహిత సూత్రస్థానం 11వ అధ్యాయంలో దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని చికిత్స మూడు విధాలుగా చెప్పబడింది. మొదటిది మంత్రహోమాదులు, రెండవది ఆహారౌషధాలు, మూడవది అహితమైన విషయాల నుండి మనస్సును నిగ్రహించుట. మన ఇండ్లలో బోయకొండ గంగమ్మకు మొక్కు చెల్లుతున్నది, కషాయమూ కాగుతున్నది. మూడవదే మరుగున పడింది.

నేటి మనశ్చికిత్స సత్త్వావజయంతో అక్షరాలా ఒకటి కాదు గాని, దానికి దగ్గరి చుట్టం. శిక్షణ పొందిన నిపుణుడు సాధారణంగా వారానికొకమారు, ముప్పావుగంటో గంటో, రోగి ఒక్కనితోనే మాట్లాడుతాడు. పరీక్ష తప్పిన యువకుడు "నేను దేనికీ పనికిరాను" అనుకొని గది తలుపు వేసుకుంటాడు. ఆ తలంపు ఎంతవరకు నిజమో అతనిచేతనే విచారింపజేసి, రోజుకొక చిన్న పనితో మరల లోకంలోకి నడిపించుట ఈ చికిత్సలో ఒక పద్ధతి. ఇది హితబోధ కాదు, మందలింపు అంతకన్న కాదు.

"మా బిడ్డకు మాకు తెలియని రహస్యమేమిటి?" అని తల్లిదండ్రులు నొచ్చుకొంటారు. ప్రేమ, అప్పు, పోయిన ఉద్యోగం, కులం కారణంగా పడిన అవమానం - ఇవి కన్నవారి ఎదుట నోట రాని మాటలు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా రోగికి గోప్యత హక్కునిచ్చింది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు ఉన్నది. కావున ఆ గంటసేపు పెద్దలు వెలుపల ఉండుటే ఉచితం.

మరికొందరు "పెండ్లి చేస్తే అదే కుదురుతుంది" అంటారు. కుదరదు. ఒకరి వ్యథ ఇద్దరిదవుతుంది.

బెంగళూరులో నిమ్హాన్స్ వంటి గొప్ప సంస్థ ఉన్నది, కుప్పం నుండి రైలూ ఉన్నది. అయినను చదువుకొనేవారు, కూలినాలి చేసేవారు వారం వారం వెళ్లిరాగలరా? చికిత్స ఊరిలోనే దొరకాలి. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, 100 మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న విద్యాసంస్థలలో అర్హత గల కౌన్సెలర్‌ను గాని మనస్తత్వ నిపుణుని గాని నియమించాలని ఆదేశించింది. కళాశాలలో చేర్చేటప్పుడు ఫీజు, హాస్టలు విచారించే తల్లిదండ్రులు ఈ సంగతి కూడా అడగాలి. అడిగేవారుంటేనే ఆదేశం ఆచరణకు వస్తుంది.

ఇంటిలో చేయదగినవీ ఉన్నవి: వేళకు నిద్ర, రాత్రి పెందలకడనే లఘువైన భోజనం, వారానికి రెండుమార్లు నువ్వులనూనెతో శిరోభ్యంగనం. ఇవి తోడ్పాటు మాత్రమే. మానసిక వైద్యుడు ఇచ్చిన మాత్రలను ఆపి బ్రాహ్మీ చూర్ణం మొదలుపెట్టుట ప్రమాదకరం.

బిడ్డ నోట చావు మాట వినబడితే కషాయాలతో కాలయాపన చేయరాదు. ఒంటరిగా విడువక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీమానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. ఆ నంబరును మీ ఇంటి క్యాలెండరు మీద నేడే వ్రాసిపెట్టుకొనండి.