వలలో పడని చేప ఏం చెబుతోంది?

నీళ్లు తేటగా ఉంటే మంచివేనా? ఉద్దానంలో ఈ ప్రశ్న కొత్తది కాదు. కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు గానీ, తాగే నీటిని అనుమానించని ఇల్లు లేదు. అందుకే హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చుకున్నాం. మనిషి తాగే నీటిని పరీక్షిస్తున్నాం సరే, చేప బతికే నీటిని ఎవరు చూస్తున్నారు?

కొల్లేరునే తీసుకోండి. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆక్రమణ చెరువుల గట్లు కొట్టేశారు. అయినా పట్టణాల మురుగు, పొలాల ఎరువు, చేపల చెరువులు వదిలే నీళ్లు సరస్సులోకి చేరుతూనే ఉన్నాయి. ఎరువు ఎక్కువైతే నాచు, గుర్రపుడెక్క పెరుగుతాయి. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి దాన్ని పీల్చేస్తుంది. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే బొచ్చె, శీలావతి హాయిగా పెరుగుతాయి. బాగా తగ్గితే ముందు పోయేవి అవే. గాలి పీల్చగలిగే కొరమేను, మార్పు తట్టుకుంటాయి. మంచినీటి ప్రవాహం తగ్గితే ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీరు ఎగదన్నుతుంది, అప్పుడు చేపల వరసే మారిపోతుంది.

కాబట్టి "చేపలు పడుతున్నాయి కదా, ఇంకేం" అనుకోవడం పొరపాటు. ఎన్ని పడ్డాయన్నది ఒక లెక్క, ఏవి పడటం మానేశాయన్నది ఇంకో లెక్క. చేపల ఉత్పత్తిలో మన రాష్ట్రం దేశంలోనే ముందుంది, కానీ ఆ లెక్క టన్నుల్లో ఉంటుంది. నీటి ఆరోగ్యం తెలిసేది రెండో లెక్కలోనే.

ఇది ఎక్కడో దూరపు సంగతి కాదు. కొల్లేరు ఆటపాకలో వాలే గూడబాతులే మన టెక్కలి దగ్గర తేలినీలాపురం చెట్ల మీదా గూళ్లు కడతాయి. వాటి పిల్లల మేత నౌపడ చిత్తడి నేలల చేపలే. ఆ పక్కనే 2023లో శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టు. అభివృద్ధి కావాల్సిందే. కానీ ముందున్న పరిస్థితి రాసి పెట్టుకోకపోతే, రేపు ఏం మారిందంటే మిగిలేది వాదనే. కొల్లేరు నేర్పిన పాఠం ఇదే.

ఈ పని మన యువత చేయగలదు. పలాస, టెక్కలి డిగ్రీ కాలేజీల జువాలజీ, కెమిస్ట్రీ విద్యార్థులు ఊరికో చెరువు ఎంచుకుని, నెలకోసారి ఆక్సిజన్, పీహెచ్, అమ్మోనియా, ఉప్పదనం కొలవాలి. ఆ రోజు వలలో ఏ చేపలు పడ్డాయో రాయాలి. పేర్లు చెప్పడానికి ఊళ్లో పెద్ద జాలరి ఉండనే ఉన్నాడు, ఆయన్నే గురువు అనుకోండి.

దీన్నే వృత్తిగా తీసుకునే దారీ ఉంది. ఇంటర్ బైపీసీ తర్వాత ఈఏపీసెట్ ద్వారా నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ చదవొచ్చు. ముత్తుకూరులో మత్స్య కళాశాల, నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. పైచదువుకి ముంబైలో సీఐఎఫ్ఈ ఉంది. మత్స్యశాఖ కొలువులు, హేచరీలు, నీటి పరీక్ష ల్యాబులు ఈ చదువు ఉన్నవాళ్లకి తలుపు తీస్తాయి.

కొలువు ఎప్పుడొస్తుందో చెప్పలేం. చెరువు లెక్క మాత్రం ఈ నెలే మొదలుపెట్టొచ్చు. దానికి కావాల్సింది ఒక కిట్టు, ఒక నోటు పుస్తకం.