బడిలో బోరింగు సరే.. బాగుచేసేదెవరు?

ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస రోజుల్లో ఐర్లాండ్ బడుల నుంచి పిల్లలు ఓ చిన్న అట్టపెట్టె ఇంటికి తెస్తారు. 1973లో ఇక్కడి కాథలిక్ బిషప్పులు స్థాపించిన ట్రోకరా సంస్థ పెట్టె అది. అందులో చిల్లర వేసి పండగ నాటికి తిరిగివ్వాలి. మన తెలుగు ఇళ్లలో ఆఫ్రికా పల్లె బడి గురించి, అక్కడి నీళ్ల గురించి, తిండి గురించి మాట వచ్చేది చాలాసార్లు ఆ పెట్టె పుణ్యమానే. ఈమధ్య ఆ మాట పెట్టె దాటింది. ‘మనమే ఓ బడికి బోరు వేయిద్దాం’ అని ముందుకొచ్చే తెలుగువాళ్లు నా పరిచయస్థుల్లోనే పెరిగారు. మంచిదే. అయితే డబ్బు ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ ప్రశ్న మనకు బాగా తెలిసిందే, ఎందుకో ఇక్కడికొచ్చాక అడగడం మానేశాం.

ముందు ఇప్పటి పరిస్థితి చూద్దాం. అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్ ఎయిడ్ 2025 జులై 1తో మూతపడింది. విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 2027 నాటికి 0.3 శాతానికి తగ్గిస్తామని బ్రిటన్ అదే ఏడాది ఫిబ్రవరిలో ప్రకటించింది. ఐర్లాండ్ మాత్రం 2025కు 81 కోట్ల యూరోలకు పైగా కేటాయించి తన సాయం పెంచుకుంటూనే వచ్చింది. 0.7 శాతం లక్ష్యానికి అది ఇంకా దూరమే అనుకోండి. మరోపక్క ఐర్లాండ్ ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న మలావీలో 2023లో ఫ్రెడ్డీ తుపాను, 2024లో కరవు. 2022-23 కలరాకు అక్కడ 1,700 మందికి పైగా చనిపోయారు. పెద్ద దాతలు చేయి వెనక్కి తీసుకున్నప్పుడు మొదట ఆగేది కొత్త బోర్ల ప్రారంభోత్సవాలు కావని నా అంచనా. పాత బోర్లకు వాషర్లు, పైపులు, మెకానిక్ కూలి.. కంటికి కనిపించని ఈ ఖర్చులే ముందు ఆగుతాయి.

మన ఊళ్లలో బోరింగు అని పిలిచే చేతి పంపునే తీసుకోండి. 1970ల్లో యూనిసెఫ్ తోడ్పాటుతో మన దేశంలో తయారైన ఇండియా మార్క్ టూ పంపు అది. అక్కడి నుంచి ఆఫ్రికాకూ వెళ్లింది. గట్టి పంపే, సందేహం లేదు. కానీ లోపల వాషరు అరిగితే పైపులన్నీ పైకి లాగాలి. దానికి సామాను కావాలి, నలుగురు మనుషులు కావాలి, పని తెలిసిన మెకానిక్ కావాలి. మన మండలంలో మెకానిక్ దొరికేవాడు. ఎనభై మైళ్ల దూరాన ఉన్న మలావీ పల్లెకు ఎవరొస్తారు? ఇది గమనించే 1980ల్లో ఊరివాళ్లే విప్పి బిగించుకునేలా ఆఫ్రిదేవ్ అనే పంపు తయారు చేశారు. ఒకే పానాతో చాలా పని అయిపోతుంది. అయినా సహారా ఎడారికి దిగువనున్న దేశాల్లో మూడో వంతు చేతి పంపులు పనిచేయడం లేదని 2007లో లెక్క తేలింది. ఆ తర్వాత వచ్చిన లెక్కల్లోనూ నాలుగింట ఒకటి మూగదే. అంటే లోపం ఇనుములో లేదు.

కెన్యాలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఓ ప్రయోగం చేశారు. పంపు పిడిలో చిన్న మొబైల్ పరికరం పెట్టారు. పంపు ఆడటం ఆగితే మెకానిక్‌కు తెలిసిపోతుంది. అంతకుముందు చెడిన పంపు బాగవడానికి సగటున 27 రోజులు పట్టేది. అది మూడు రోజుల లోపుకు దిగింది. పంపు మారలేదు, నీళ్లు మారలేదు. బాధ్యత ఎవరిదో తేలింది, అంతే.

నల్గొండ పేరు ఆఫ్రికాలో ఎందుకు వినిపిస్తుందో తెలుసా? ఇథియోపియా నుంచి కెన్యా మీదుగా టాంజానియా దాకా సాగే రిఫ్ట్ లోయ ప్రాంతంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించి, ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ఆ పద్ధతిని ఇథియోపియా, టాంజానియాల్లోనూ వాడి చూశారు. కాగితం మీద చవక. కానీ రోజూ ఎవరో ఒకరు కొలత ప్రకారం మందు కలపాలి, కలియబెట్టాలి, అడుగున చేరే మడ్డి తీసి పారబోయాలి. మనిషి మానేసిన రోజున ఆ తొట్టి ఉత్త తొట్టే. నల్గొండలోనూ చివరికి ఊరట దొరికింది కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాకే. (ఇక్కడ ఐర్లాండ్‌లో చట్టం చేసి మరీ 1964 నుంచి కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతున్నారు, పళ్లు పుచ్చకూడదని. నల్గొండ మిత్రుడొకరు ఇది విని చాలాసేపు నమ్మలేదు.)

వానలకు కొదవ లేని ఐర్లాండ్ మాత్రం నీళ్ల విషయంలో సుఖంగా ఉందా? పల్లెల్లో ఇరుగుపొరుగు రైతులు కలిసి ‘గ్రూప్ వాటర్ స్కీమ్’ పేరిట సొంతంగా పైపులు వేసుకున్నారు. నీళ్లు వచ్చాయి గానీ శుద్ధి సంగతి చాలాచోట్ల గాలికి వదిలేశారు. 2002లో యూరోపియన్ కోర్టు ఐర్లాండ్‌ను తప్పుపట్టింది. 2007లో గాల్వేలో నీళ్లలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి చేరి జనం అయిదు నెలల పాటు కాచిన నీళ్లే తాగారు. ఆ దశాబ్దంలోనే పల్లె స్కీములను కట్టలుగా కలిపి, డిజైన్, నిర్మాణం, ఏళ్ల తరబడి నిర్వహణ అన్నీ ఒకే కాంట్రాక్టులో పెట్టడం మొదలైంది. కట్టినవాడే నడపాలి. రోజువారీ ఖర్చుకూ ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది. ఆఫ్రికా బడులకు ఐర్లాండ్ నుంచి వెళ్లాల్సింది ఈ అనుభవమని నేననుకుంటాను. యూరోలు దాని వెంట వెళ్లాలి.

ఇక తిండి. మలావీలో 2002 నుంచి బడి పిల్లలకు భోజనం పెడుతున్న మేరీస్ మీల్స్ స్కాట్లాండ్‌లో పుట్టిన సంస్థ, ఐర్లాండ్‌లోనూ శాఖ ఉంది. మొక్కజొన్న, సోయా పిండితో చేసిన జావను ఊరి తల్లులే స్వచ్ఛందంగా పొద్దున్నే వండుతారు. జావకు నీళ్లు కావాలి. బోరు మూగపోతే ఆ నీళ్లు మోసేది ఆ తల్లులు, పెద్ద తరగతుల ఆడపిల్లలు. పిల్లలను బడికి రప్పించాలని పెట్టిన తిండి ఓ అమ్మాయిని తరగతి బయట బిందెతో నిలబెట్టే వింత ఇక్కడే పుడుతుంది. నీళ్లనూ తిండినీ వేర్వేరు ప్రాజెక్టులుగా చూస్తే ఇది కనపడదు.

దాతలకు బాగా నచ్చేది బడి తోట. ఫొటోలు బాగుంటాయి. పంపు దగ్గర వృథాగా పోయే నీళ్లతో నాలుగు మడులు ఆకుకూర, రెండు మునగ చెట్లు పెంచడం నిజంగా మంచి పనే, పిల్లలు నేర్చుకుంటారు కూడా. కానీ ఏడాదికి ఒకే వానాకాలం ఉన్న చోట వందల మంది పిల్లల కడుపు తోట నింపదు. సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లూ ఉండరు. గింజలు చుట్టుపక్కల రైతుల దగ్గర కొనాల్సిందే. 2003 నుంచి ఆఫ్రికా దేశాలు చెప్పుకుంటున్న ‘ఇంటి పంటతో బడి భోజనం’ అర్థం అదే. అయితే రైతుకు డబ్బు సకాలంలో అందాలి. 2003లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. ఇప్పుడు ఆంధ్రలో దానికి డొక్కా సీతమ్మగారి పేరు. వంట చేసే డ్వాక్రా అక్కలు బిల్లులు రాక కిరాణా కొట్టులో ఎన్నిసార్లు అప్పు పెట్టారో మన వార్తాపత్రికలు చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

కాబట్టి బోరుకు చందా అడిగేవాళ్లను మూడో ఏట వాషరు ఎవరు మారుస్తారో అడగండి. విడిభాగాలు ఏ ఊళ్లో దొరుకుతాయి, మెకానిక్ కూలి ఎక్కడి నుంచి వస్తుంది, గింజలు ఎవరి దగ్గర కొంటారు అనీ అడగండి. సంస్థ ఐర్లాండ్ ఛారిటీస్ రెగ్యులేటర్ దగ్గర నమోదై ఉందో లేదో ఇంటర్నెట్‌లో రెండు నిమిషాల్లో చూడొచ్చు. ఇంకో సంగతి మనలో చాలామందికి తెలియదు. అర్హత ఉన్న ఒకే సంస్థకు ఏడాదిలో 250 యూరోలు ఇస్తే, మనం కట్టిన పన్ను నుంచి ఆ సంస్థకు మరో 112 యూరోల దాకా రెవెన్యూ శాఖ తిరిగిస్తుంది. అందుకని పది మంది పాతికేసి యూరోలు పది చోట్ల చల్లే కన్నా ఒక్కో ఇల్లు ఒక సంస్థను ఎంచుకోవడం లాభం.

ఈ దీపావళికి మా చిన్న బృందంలో ఇదే చర్చ నడుస్తోంది. కొత్త బోరు ఒకటా, ఉన్న పాత పంపులకు అయిదేళ్ల మరమ్మతు నిధా? నా ఓటు రెండోదానికి. మరమ్మతు నిధికి పేర్లున్న శిలాఫలకం ఎక్కడ పెడతారని ఒక పెద్దాయన అడుగుతున్నారు. ఇంకా తేలలేదు.