ఎర్ట్సె యేటి యొడ్డునగల పల్లె

గొప్ప కార్యములు గొప్ప పట్టణములయందే పుట్టునని చరిత్రపాఠములు చదువు బాలురకు తోచుట సహజము. ఈ యూహ సరికాదని మా యభిప్రాయము. ఇందులకు జర్మనీదేశమునందలి హెర్మన్స్‌బర్గు అను పల్లెయే తార్కాణము.

ఉత్తర జర్మనీలో సెల్లె పట్టణమునకు ఉత్తరముగా లూనెబర్గు బీడుభూములు గలవు. అది యిసుకనేల. పూర్వ మచట పైరులకంటె చిట్టిపొదలును, గొఱ్ఱెలమందలును, తేనెపట్టులును హెచ్చు. ఆ బీడునడుమ ఎర్ట్సె యను చిన్న యేరు దక్షిణముగా పారి అల్లరు నదిలో కలియును. అల్లరు వేజరునదిలోను, వేజరు ఉత్తరసముద్రములోను పడును. అడవిలో కొట్టిన కలపను తెప్పలుగా గట్టి పూర్వ మీ యేటివెంట దింపుచుండిరి. ఈ యేటి యొడ్డుననే హెర్మన్స్‌బర్గు వెలసినది. 2015వ సంవత్సరమునుండి యిది సూడ్‌హైడె యను గ్రామసముదాయములో భాగమైనది.

1849లో ఈ యూరి పాదిరియగు లూయీ హార్మ్సు మిషనెరీలను తయారుచేయుటకు పాఠశాల స్థాపించెను. అందు చేరినవారిలో రైతుబిడ్డలే పెక్కురు. 1853లో అపొస్తలుల కార్యములలోని రాణి పేర "కందాకే" యను సొంత యోడను కట్టించి, బోధకులతోపాటు చేతిపనులవారినిగూడ ఆఫ్రికాకు పంపిరి. ఒరోమోజనుల దేశమున ప్రవేశము దొరకకపోగా, వారు నేటాలుసీమకు మరలి, 1854లో అచట మఱియొక హెర్మన్స్‌బర్గును నిర్మించిరి. 1865 ప్రాంతమున ఈ పల్లెవారి మిషను మన నెల్లూరుసీమకును వచ్చి నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు మొదలగు చోట్ల పనిచేసెను. 1877లో ఆస్ట్రేలియా నడిమి యెడారికిని పోయెను. ఇసుకనేలనుండి యింత దూరము చేతులు చాపిన యూళ్లు అరుదు.

అయినను పొగడ్తతో ముగించుట న్యాయము కాదు. ఆ బీడుభూమియందే, ఈ పల్లెకు సుమారు 15 కిలోమీటరుల దూరమున, బెర్గెన్-బెల్సెన్ అను చోట నాజీప్రభుత్వము 1943లో నిర్బంధశిబిరము నెలకొల్పెను. ఆకలిచేతను వ్యాధులచేతను అచట 50,000 మందికి పైగా మరణించిరి. వారిలో యూదులు పెక్కురు. దినచర్య వ్రాసిన బాలిక ఆన్ ఫ్రాంకు 1945లో కన్నుమూసిన దచటనే.

ఇట్టి సంగతి మిషను పత్రికలో ఎందుకని కొందరు తలంపవచ్చును. మేమట్లు తలంపము. తాతల పొలము మనుమలకు దస్తావేజుతో సంక్రమించును. తాతల భక్తి యట్లు సంక్రమింపదు. దానిని ప్రతి తరమువారును తాము దున్ని తాము విత్తుకొనవలసినదే. పూర్వుల పుణ్యమును చెప్పి, తరువాతి పాపమును దాచిన చరిత్ర సగము చరిత్రయే. అది పిల్లలకు గర్వమును నేర్పునుగాని వివేకమును నేర్పదు.

విద్యార్థులారా! మన యూరు చిన్నది, మన నేల బీదది యని మంచిపనికి వెనుదీయకుడు. మన పెద్దలు భక్తిపరులుగదా యని నిశ్చింతగా నుండకుడు. ఈ రెండును ఆ యేటి యొడ్డు మనకు నేర్పు పాఠములు.