మొగమేదీ సారూ?

కోపంతోనే మొదలుపెడుతున్నాను, మన్నించండి. మా ఖమ్మంలో కెమెరా పట్టిన మిత్రులం నలుగురైదుగురం ఆదివారాలు ఒకచోట కూడి, ఆ వారం తీసిన బొమ్మలు ఒకరివొకరం చూసుకుంటాం. ఏళ్ల తరబడి జరుగుతున్న ముచ్చటే ఇది. అందరం గురువు లేకుండా, తీసి చెడగొట్టి, చెడగొట్టి తీసి నేర్చుకున్నవాళ్లమే. అయితే ఈ కూటమిలోకి క్రమంగా ఒక తెగులు ప్రవేశించింది. దాని పేరు ‘అద్భుతం’. తెర మీద బొమ్మ పడీ పడకముందే “అద్భుతం సార్!”, “ఏం మూడ్ పట్టారండీ!” అంతే. ఆయన నా బొమ్మను మెచ్చుకుంటాడు, నేను ఆయన బొమ్మను మెచ్చుకుంటాను. వచ్చినప్పుడెంత తెలుసో వెళ్లేటప్పుడూ అంతే తెలుసు.

ముప్ఫయ్యేళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. పిల్లల పద్యాల్లో యతి తప్పితే ఎర్ర సిరాతో గీశాను. నా పద్యాలను మా గురువుగారు అంతకంటె నిర్దయగా కొట్టివేశారు. ఉత్పలమాల పాదంలో పదో అక్షరం దగ్గర ఆయన కలం ఆగిందంటే నాకు చెమటలు పట్టేవి. అవధానంలో నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు అవధానికి శత్రువు కాడు కదా! ఆయన అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతున్నందుకే ఆ పద్యం వినాలనిపిస్తుంది. పద్యానికి చేసే ఈ మర్యాద ఛాయాచిత్రానికి ఎందుకు చేయమో నాకు బోధపడదు.

“డిజిటల్ కదండీ, ఎన్నయినా తీసుకోవచ్చు, అదే వస్తుంది” అంటారు కొందరు. రాదు. రీలు రోజుల్లో 36 బొమ్మలు అయిపోతాయన్న భయం ఉండేది. ఆ భయం పోయింది, సంతోషం. కాని వెయ్యి తీసి తొమ్మిది వందల తొంభై చెరిపివేసేవాడు ఏమి నేర్చుకుంటాడు? ప్రయోగమంటే ఒక మీట మాత్రమే తిప్పి, మిగిలినవి కదపకుండా, ఏమి మారిందో చూడడం. షట్టర్ ఎంత, ఎపర్చర్ ఎంత, ఐఎస్‌ఓ ఎంత అన్నది డిజిటల్ బొమ్మ తన కడుపులోనే దాచుకుంటుంది. చెడిన బొమ్మను చెరిపితే ఆ లెక్క కూడా దానితోనే పోతుంది. నేను చెడినవన్నీ వేరే సంచికలో పెట్టుకుంటాను. మంచివాటికంటె వాటినే ఎక్కువసార్లు తెరిచి చూస్తాను.

మోదుగుపూల సంగతి చెబుతాను. ఫాల్గుణం వచ్చిందంటే మా అడవి అంచులన్నీ ఎర్రబడతాయి. ఎన్నిసార్లు తీసినా పువ్వు కుంకుమ ముద్దలా వచ్చేది. కెమెరా చూపే హిస్టోగ్రాము మాత్రం అంతా సవ్యంగా ఉందనేది. అప్పటికింకా ‘అద్భుతం’ సోకని ఒక మిత్రుడు బొమ్మను దగ్గరగా చూసి, “రేకులో ఈనె ఏదండీ?” అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న నాకు ఎన్నో పుస్తకాల పెట్టు. మూడు రంగుల రేఖలనూ విడివిడిగా చూస్తే ఎరుపు కుడిగోడకు కొట్టుకొని కూర్చున్నది! 1976లో కొడాక్ కంపెనీ శాస్త్రజ్ఞుడు బ్రైస్ బేయర్ పేటెంటు పొందిన అమరికనే నేటికీ చాలా కెమెరాలు వాడుతున్నాయి. అందులో సగం గళ్లు ఆకుపచ్చకు, పావు ఎరుపుకు, పావు నీలానికి. మొత్తం వెలుగు లెక్కలోనూ ఆకుపచ్చదే పెద్ద పీట. కనుక ఎరుపు పొంగి పొర్లుతున్నా ఒంటి రేఖ హిస్టోగ్రాములో ఆ జాడ తెలియదు. వెలుగు ఒక స్టాపు తగ్గించాను, ఈనెలు వచ్చాయి. “అద్భుతం” అని ఊరుకుని ఉంటే ఈపాటికీ కుంకుమ ముద్దలే తీస్తుండేవాణ్ణి.

ఇక అసలు గొడవ.

ఒక ఏడు చైత్రంలో, భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్లే దారి పక్కన, తెల్లవారుజామున ఇప్పపూలు ఏరుకుంటున్న ఒక కోయ ఇల్లాలిని అడిగి బొమ్మ తీశాను. రాత్రి రాలిన పూలు ఎండెక్కకముందే ఏరుకోవాలి, ఆమెకు తీరిక లేదు. నవ్వి, “తీస్కోండి సారూ” అన్నది. ఆమె వెనుక ఉదయపు ఆకాశం, కొమ్మల సందుల్లో బంగారు వెలుగు. బొమ్మలో ఆమె నల్లని నీడగా వచ్చింది. మా కూటమి ఆ బొమ్మకు పట్టాభిషేకమే చేసింది. ‘సిలూయెట్’ అన్నారు, ‘అడవి ఆత్మ’ అన్నారు. నేనూ పొంగిపోయాను. నిజానికి నేను సిలూయెట్ అనుకొని తీయనే లేదు. అది నా పొరపాటు. పొగడ్త విన్నాక ఉద్దేశం అయిపోయింది.

మళ్లీ ఆ దారిన వెళ్లినప్పుడు అచ్చు వేయించి తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టాను. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

“నా మొగమేదీ సారూ?”

“వెనక వెలుగు ఉంది కదమ్మా...” అని నేనేదో నసిగాను.

“చెట్టు మంచిగ పడ్డది. ఆకాశం మంచిగ పడ్డది. నన్నే మసిబొగ్గు జేసినవు” అన్నది.

ఇంతకు మించిన విమర్శ నేనెరుగను. సాంకేతికంగా కూడా అది అక్షరసత్యం. కెమెరాలోని మీటరు ఎదుట ఉన్నదాన్నంతా నడిమి బూడిదరంగుగా ఊహించుకుంటుంది. ఆకాశం ఎక్కువగా ఉంటే అది తట్టుకోలేక వెలుగు తగ్గిస్తుంది. ఆ తగ్గింపు పడేది చామన మేని మీద. మర యంత్రమే కదా అని దాన్ని వదిలేయడానికీ వీలులేదు. ఫిల్ము కాలంలో అమెరికాలో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ వాడిన నమూనా బొమ్మ తెల్లదొరసానిది. దానికి ‘షర్లీ కార్డు’ అని పేరు. నల్లని మేనిఛాయలను సరిగా చూపేటట్లు తమ ఫోను కెమెరాను సవరించామని గూగుల్ చెప్పుకొన్నది 2021లో! ఇవాళ ఫోను నాలుగైదు బొమ్మలు కలిపి మొగాన్ని తనంతట తానే వెలిగిస్తున్నది, నిజమే. కాని ఎవరి మొగం ఎందుకు చీకట్లో ఉండిపోయిందో ఆ ఫోను పట్టినవాడికి తెలియనే తెలియదు.

ఈ మాట కూటమిలో చెబితే మాలో పెద్దాయన నొచ్చుకున్నాడు. “పద్యంలో వర్ణించిన కోకిలను పిలిచి పద్యం ఎలా ఉందని అడుగుతామా? ఆమెకు కళ ఏమి తెలుసు?” అన్నాడు. అయ్యా, కోకిలకు నోరు లేదు, ఈమెకు ఉంది. పైగా మసక చీకట్లో ఆకుల మధ్య మంచి పువ్వేదో, పాడైన పువ్వేదో చూసి ఏరే కన్ను ఆమెది. వెలుగు సంగతి నాకంటె ఆమెకే బాగా తెలుసు.

ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాల్లో దక్షిణాది కులాలనూ తెగలనూ ఎక్కించాడు. కొలబద్దలతో తలలు కొలిచి, బొమ్మలు తీయించిన మనిషి. మా పాపికొండల కొండరెడ్ల మీద హైమెండార్ఫ్ పుస్తకం 1945లో వచ్చింది. ఆయన థర్‌స్టన్ వంటివాడు కాడు, ఆ గూడేల్లో ఉండి చూసినవాడు. ఆయన తీసిన బొమ్మలు లండన్ సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. అయితే ఆ కాలంలో ఎంత మంచివాడైనా ఫిల్ము కడిగించి, అచ్చు వేయించేసరికి తాను వేరే ఊళ్లో ఉంటాడు, బొమ్మలోని మనిషి తన కొండ మీద ఉంటాడు. మనకు ఆ సాకు లేదు. కెమెరా వీపు మీదే తెర ఉంది. మీట నొక్కిన మరుక్షణం ఎదుటివారికి చూపి “ఇలా ఉన్నారా?” అని అడగవచ్చు. డిజిటల్ మనకిచ్చిన అసలు వరం ఇదే, లెక్కలేనన్ని బొమ్మలు తీసుకోవడం కాదు. ఆ వరాన్ని మనం మన బొమ్మను మనమే చూసుకొని మురిసిపోవడానికి వాడుతున్నాం.

నేనూ అదే చేశాను. కొమ్మునృత్యం తీసినప్పుడు 1/500 సెకనులో డోలు మీద చేతిని శిలావిగ్రహంలా బిగించి, మిత్రుల చేత శభాష్ అనిపించుకున్నాను. డోలు కొట్టినాయన తెరలోకి తొంగిచూసి, “దెబ్బ పడ్తలేదు సారూ” అన్నాడు. 1/30కి దించితే చేయి కాస్త చెదిరింది, దెబ్బ పడింది.

మరుసటి చైత్రంలో మళ్లీ ఆ ఇప్పచెట్టు దగ్గరికే పోయాను. అదే వేళ, అదే లెన్సు. వెలుగు మాత్రం మూడోవంతు స్టాపు చొప్పున పెంచుకుంటూ, ప్రతి బొమ్మా అక్కడికక్కడే ఆమెకు చూపాను. ఒకటిన్నరకు పైన పోయాక, “ఆ, ఇది నేనే” అన్నది. వెనుక ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. కూటమిలో ఆ బొమ్మకు ఒక్క ‘అద్భుతం’ కూడా రాలేదు. “ఆకాశం కాలిపోయిందండీ” అన్నారు. కాలిపోయింది, ఒప్పుకుంటున్నాను. కనీసం ఆ పూట ఒక్కొక్కరు నోరు విప్పి తప్పు ఎక్కడుందో చెప్పారు, వాదించుకున్నాం. ఒకాయన, ఆమెను చెట్టు నీడకు ఇవతల నిలబెడితే రెండూ దక్కేవి కదా అన్నాడు. మంచి మాట. అయితే పూలు రాలేది చెట్టు కింద, నా కెమెరా కింద కాదని నేనన్నాను.

ఆ బొమ్మ అచ్చు ఆమెకు ఇచ్చి వచ్చాను. చాలాసేపు చూసుకొని, కొసకు వేలు పెట్టి చూపించింది.

“గంప సగం కోసేసినవేంది సారూ? పొద్దంత ఏరిన పువ్వు గదా.”