నాన్న పద్దులో నా కోబాల్

నెల రోజులుగా మా ఇంట్లో రాత్రి తొమ్మిది దాటితే చాలు, ఒకటే నవ్వులు. భోజనాలయ్యాక నేను మా అమ్మాయి పాత ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటాను. ‘నాన్నా, ఇవాళైనా ఫుల్‌స్టాప్‌లు పెట్టావా?’ అని తను ఆటపట్టిస్తుంది. ‘ఈ వయసులో ఈ చదువేంటండీ’ అని మా ఆవిడ సాగదీస్తుంది. సంగతేమిటంటే, నేను కోబాల్ మళ్లీ నేర్చుకుంటున్నాను.

ఆ పేరు వినగానే మీలో కొందరికి 1998 నాటి అమీర్‌పేట కళ్లముందు మెదిలే ఉంటుంది. మైత్రీవనం చుట్టుపక్కల గోడల నిండా పోస్టర్లు, నడుస్తుంటే చేతిలో పెట్టే పాంప్లెట్లు, గదికి ఆరుగురు సర్దుకున్న హాస్టళ్లు. ఎవరి నోట విన్నా వైటూకే మాటే. కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్నారు, 2000 రాగానే సున్నా సున్నాను అవి 1900 అనుకుంటాయి, ఆ ప్రోగ్రాములన్నీ దిద్దాలి, దిద్దడానికి మనుషులు కావాలి. బ్యాంకులు, బీమా కంపెనీల పాత ప్రోగ్రాములు చాలావరకు కోబాల్‌లోనే ఉండేవి. డిగ్రీ అయిపోయి ఊళ్లో ఖాళీగా ఉన్న నేనూ బస్సెక్కాను. ఫీజు, హాస్టలు ఖర్చు నాన్న ఎలా సర్దాడో అప్పుడు నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

కోర్సయితే పూర్తి చేశాను గానీ, ఇంటర్వ్యూల్లో ఇంగ్లీషు దగ్గర నాలుక మడతపడింది. నా గదిలో ఇద్దరు విమానం ఎక్కారు. నేను చూస్తుండగానే 1999 అయిపోయింది. 2000 జనవరి 1 పెద్ద గొడవేమీ లేకుండా తెల్లవారింది. దిద్దే పనీ అయిపోయింది. నేను తిరిగొచ్చి, బీఎడ్ చేసి, లెక్కల మాస్టారినయ్యాను. ఆ తర్వాత కోబాల్ పేరెత్తితేనే నాకు చిరాకు.

2020 ఏప్రిల్‌లో ఒక వార్త చదివాను. కరోనాతో ఉద్యోగాలు పోయినవాళ్లు భృతి కోసం ఒక్కసారిగా దరఖాస్తులు పెట్టుకోవడంతో, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్ర గవర్నరు కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రండంటూ విలేకరుల ముందు అడిగాడట. చచ్చిపోయిందనుకున్న చుట్టం మార్కెట్లో ఎదురైనట్టనిపించింది. అయినా మొదలుపెట్టడానికి ఇన్నేళ్లు పట్టింది. గ్నూ కోబాల్ అని ఉచితంగానే దొరుకుతుంది. మా అమ్మాయి పది నిమిషాల్లో ఎక్కించి పెట్టింది.

ఇరవై రెండేళ్ల వయసులో బట్టీ పట్టిన దాన్ని ఇప్పుడు చూస్తే వేరేగా కనిపిస్తోంది. 1959లో దీని పని మొదలుపెట్టినవాళ్లు, ఆఫీసు లెక్కలు చూసేవాళ్లకు కూడా చదివితే అర్థం కావాలనుకున్నారు. గ్రేస్ హాపర్ అనే ఆవిడ అంతకుముందే తయారుచేసిన ఫ్లో-మ్యాటిక్ భాష దీనికి దారి చూపింది. అందుకే కూడికకు ‘యాడ్’, తీసివేతకు ‘సబ్‌ట్రాక్ట్’ అని మాటల్లోనే రాయొచ్చు. ప్రోగ్రాము నడక కూడా మన రిజిస్ట్రేషన్ దస్తావేజులా ఉంటుంది. ముందు పేరు, తర్వాత ఏ మిషను మీద, తర్వాత ఏయే వివరాలు, చివరికి చేయాల్సిన పని. ఇలా నాలుగు భాగాలు. వాక్యం చివర చుక్క మరిచిపోతే తప్పులు చూపిస్తుంది. పాత పద్ధతిలో రాస్తే ఏ గడిలో మొదలుపెట్టాలన్నదానికీ లెక్కుంది. అది పంచ్ కార్డుల నాటి అలవాటు. కార్డుకు 80 గళ్లే. సంవత్సరానికి రెండంకెలు చాలనుకోవడం వెనకా ఈ పొదుపే ఉంది.

ఇంకో ముచ్చట. మా అమ్మాయి పైథాన్‌లో 0.1కి 0.2 కలపమంటే 0.30000000000000004 వచ్చింది. కంప్యూటరు లోపల లెక్క రెండుల్లో జరగడం వల్ల వచ్చే తేడా అది. కోబాల్‌లో మామూలుగా రూపాయలకిన్ని, పైసలకిన్ని అని ముందే గళ్లు కేటాయిస్తాం. పదుల్లోనే కూడుతుంది. నాకు సరిగ్గా 0.30 వచ్చింది. ఆ రాత్రి నవ్వే వంతు నాది.

సాధనకు ఏదైనా నిజం లెక్క కావాలి కదా! సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అటక మీద దొరికిన నాన్న పద్దుల పుస్తకం తీశాను. ఎరువుల బాకీ, చెల్లి పెళ్లికి తెచ్చినవి, అన్నీ ఉన్నాయి. వడ్డీ కట్టే ప్రోగ్రాము రాసి ఒక్కో పద్దూ ఎక్కిస్తూ పోయాను. ఒకచోట ‘14-2-98, నోటు మీద 15,000, వడ్డీ నూటికి 2’ అని ఉంది. పక్కన ‘14-2-03 చెల్లు’. సంవత్సరాలు నాన్న రాసినట్టే ఎక్కించి నొక్కాను.

వడ్డీ 3,42,000 రూపాయలట!

కాసేపటికి గానీ వెలగలేదు. 03లోంచి 98 తీసేస్తే మైనస్ 95. మైనస్ గుర్తుకు నేను చోటు పెట్టలేదు కాబట్టి 95 ఏళ్లని తేల్చేసింది. ఏ తప్పు దిద్దడానికి అమీర్‌పేట వెళ్లానో అదే తప్పు నేనే చేశాను. పగలబడి నవ్వాను. తర్వాత నాలుగంకెలు పెట్టి దిద్దాను. ఐదేళ్లు, నెలకు 300, మొత్తం వడ్డీ 18,000.

అప్పుడు తేదీ మళ్లీ చూశాను. 1998 ఫిబ్రవరి. నేను బస్సెక్కిన నెల.

అసలు కన్నా వడ్డీయే ఎక్కువ కట్టాడు. నేను ఉద్యోగం రాక తిరిగొచ్చాక కూడా మూడేళ్లపైన ఆ బాకీ మోశాడు. ఆ మూడేళ్లలో ఏ ఒక్కరోజూ, కోపంలో కూడా, ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాను. నాన్నకు ఇప్పుడు చెవి సరిగా వినపడదు. గట్టిగా చెప్పాను, ‘ముప్ఫై మూడు వేలు అయిందట కదా నాన్నా!’

‘ఎప్పటి లెక్కరా అది! చెల్లు రాశానుగా’ అన్నాడు. కాసేపాగి, ‘ఇంతకీ ఆ చదువు నీకొచ్చిందా?’ అని అడిగాడు.

‘ఇప్పుడొస్తోంది నాన్నా’ అన్నాను.