ఆ 'అక్కడక్కడా'లో మన గూడెం ఉందా?

అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

"ఏజెన్సీలో అక్కడక్కడా ఉరుములు, మెరుపులతో కూడిన ఓ మోస్తరు వర్షాలు." ఈ మాట జూన్‌లో వింటాం, ఆగస్టులో వింటాం, తుఫాను రోజుల్లోనూ ఇదే వింటాం. మా హాస్టల్లో పాడేరు, చింతపల్లి, చింతూరు వైపుల నుంచి వచ్చినవాళ్లం ఉన్నాం. ఈ మాట విని మా అయ్య పని మార్చుకున్నాడు అని చెప్పినవాడు మాలో ఒక్కడూ లేడు. ఎలా మార్చుకుంటాడు? అక్కడక్కడా అంటే ఎక్కడ?

మన దేశానికి శాస్త్రం చేతకాక ఇలా చెప్తున్నారా అంటే, కాదు. పుణెలో భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ ఉంది. పొట్టిగా ఐఐటీఎం అంటారు. 1962 నుంచి పనిచేస్తోంది. రుతుపవనాలు ఎలా కదులుతాయి, మబ్బు ఎలా కడుతుంది, వచ్చే వారం ఎక్కడ కురుస్తుంది, ఇవన్నీ కంప్యూటర్‌లో లెక్కగట్టడం వాళ్ల పని. 2024 సెప్టెంబర్‌లో అక్కడ 'అర్క' అనే సూపర్ కంప్యూటర్‌ని ప్రారంభించారు. సెకనుకి 11 వేల లక్షల కోట్లకు పైగా లెక్కలు చేస్తుందట. అంత సంఖ్యని మేం కాగితం మీద సున్నాలు పెట్టి చూసుకుంటే గానీ నమ్మలేదు. నోయిడాలో పెట్టిన 'అరుణిక'తో కలిపి ఖర్చు 850 కోట్లు. 2025 మే నెలలో ఆ సంస్థ తయారుచేసిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ కూడా వచ్చింది. అంతకుముందు 12 కిలోమీటర్ల గడులుగా చూసే లెక్కని ఇప్పుడు 6 కిలోమీటర్ల గడులకు దించారు.

ఆ సైంటిస్టుల్ని తిట్టడానికి మేం ఇది రాయట్లేదు. వాళ్ల పని వాళ్లు చేశారు, బాగా చేశారు. మా గొడవ ఆ పని పుణె దాటి మన గూడేనికి వచ్చే దారి గురించి.

ముందు ఆ గడి సంగతి. ఆకాశాన్ని, నేలని గళ్ల నోట్‌బుక్‌లా విడదీసి, ఒక్కో గడిలో గాలి, తేమ, వేడి ఎంతుందో కంప్యూటర్‌కి ఇస్తారు. అక్కడి నుంచి అది ముందుకు లెక్కపెడుతుంది. 6 కిలోమీటర్ల గడి అంటే 36 చదరపు కిలోమీటర్లు. మైదానంలో అంత మేరా ఒకే తీరుగా ఉండొచ్చు. మన దగ్గర? నర్సీపట్నంలో చెమటలు కక్కుతూ బస్సెక్కినవాళ్లం లంబసింగి ఘాట్ మీదకి వచ్చేసరికి దుప్పటి వెతుక్కుంటాం. కొర్రబయలు అన్న పేరు ఊరికే రాలేదు. కొండకి ఈ పక్క తడుస్తుంది, ఆ పక్క దుమ్ము లేస్తుంది. అలాంటి చోట లెక్క సరిగ్గా రావాలంటే నేల మీద కొలిచినవాడు ఉండాలి. మన కొండల్లో ఎన్ని గూడేలకి ఒక రెయిన్ గేజ్ ఉంది? మండల కేంద్రంలో ఒక డబ్బా పెట్టి, దాని నీళ్లనే మండలం మొత్తం వాన అని రాసుకుంటే, రేపు పంట నష్టం రాసేటప్పుడు కూడా అదే అంకె మన ముఖాన కొడతారు. "మీ మండలంలో అంత వాన పడలేదమ్మా" అంటారు. కొట్టుకుపోయిన చేను మాత్రం కొండకి అవతల ఉంటుంది.

ఇప్పుడు మాకు కోపం తెప్పించిన అసలు విషయం. కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లు అని ఉండేవి. దేశం మొత్తం మీద 199. ఒక నిపుణుడు, ఒక పరిశీలకుడు. పై నుంచి వచ్చిన సూచనని పట్టుకుని, ఈ జిల్లాలో ఈ పంటకి ఈ వారం ఏం చేయాలో స్థానిక భాషలో చెప్పడం వాళ్ల పని. 2024 మొదట్లో ఆ యూనిట్లని మూసేయమని ఉత్తర్వు వచ్చింది. డేటా అంతా ఆటోమేటిక్‌గా వస్తోంది, ఇంక మనుషులెందుకు అన్నది వాదన. ఆ ఏడాదే సెప్టెంబర్‌లో 850 కోట్ల యంత్రాలకి రిబ్బన్. లెక్కగట్టే యంత్రం కొన్నారు, ఆ లెక్కని రైతుకి చెప్పే మనిషిని ఇంటికి పంపారు. దీన్ని పొదుపు అంటారా?

"యాప్ ఉంది కదా" అంటారు. ఉంది. ఒకటి కాదు. పిడుగుల కోసం ఐఐటీఎం వాళ్లే చేసిన 'దామిని' ఉంది. నువ్వున్న చోటుకి 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగు ప్రమాదం ఉంటే ఫోన్‌లో హెచ్చరిస్తుంది. మంచి యాప్, వేసుకోండి. కానీ 2022లో ప్రకృతి వైపరీత్యాలతో పోయిన 8,060 మందిలో 2,887 మంది పిడుగుపాటుకే పోయారని జాతీయ నేర గణాంకాలు చెప్తున్నాయి. వరదల కన్నా ఎక్కువ, ఎండల కన్నా ఎక్కువ. పిడుగు ఎవరి మీద పడుతుంది? మేకల వెనక తిరిగేవాళ్ల మీద, నాట్లలో వంగి ఉన్నవాళ్ల మీద, వానకి చింతచెట్టు కిందకి పరిగెత్తినవాళ్ల మీద. వాళ్ల చేతిలో స్మార్ట్ ఫోన్ ఉండదు. ఉన్నా సిగ్నల్ ఊరికి అరకిలోమీటరు అవతల బండ మీద వస్తుంది. పిడుగొస్తోంది అన్న కబురు అందుకోవాలంటే, ఆ మబ్బులో పోయి బండెక్కి నిలబడాలన్నమాట!

సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పడం కుదరదా? ఎందుకు కుదరదు? భద్రాచలం చూడండి. గోదావరి 43 అడుగులు అంటే మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. చింతూరు, కూనవరం వైపు బడి మొహం చూడని అవ్వకి కూడా ఈ మూడు అంకెలు నోటికి వచ్చు. ఏ అంకెకి ఏ రోడ్డు మునుగుతుందో, ఎప్పుడు గొడ్లని విప్పాలో ఆమెకి తెలుసు. 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడు కూడా జనం మాట్లాడుకున్నది ఆ అడుగుల లెక్కలోనే. దానికి ఒక చోటు ఉంది, ఒక అంకె ఉంది, ఆ అంకెకి చేయాల్సిన పని ఉంది. 'అక్కడక్కడా'కి ఈ మూడూ లేవు.

మనోళ్లలో కొందరు ఇంకో మాట అంటున్నారు: ఇవన్నీ మనకెందుకు, మన తాతలు చీమల్ని, గాలిని చూసి చెప్పేవాళ్లు అని. తాతల తెలివిని మేం కాదనం. సామలు ఎప్పుడు చల్లాలో, చోడి ఎప్పుడు వేయాలో వాళ్లు చూసి చెప్పిందే తిని పెరిగాం. కానీ కాఫీ పళ్లు కోసి, గింజ కళ్లంలో ఎండబెట్టే నవంబర్, డిసెంబర్ రోజుల్లో బంగాళాఖాతంలో వందల కిలోమీటర్ల దూరంలో పుట్టే వాయుగుండాన్ని ఏ చీమ చూసి చెప్తుంది? అది చూడగలిగేది ఉపగ్రహం, లెక్కగట్టగలిగేది ఆ పుణె యంత్రం. అది జనం డబ్బుతో కొన్నది. మన అవ్వ కొన్న సబ్బు మీద కట్టిన పన్ను కూడా అందులో ఉంది. మనది మనం అడగకుండా "మాకొద్దు" అంటే సంతోషించేది పై వాళ్లే.

అందుకే మేం అడుగుతున్నవి ఇవి. ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఒక రెయిన్ గేజ్ పెట్టాలి, పొద్దున్న ఎనిమిదిన్నరకి ఎనిమిదో తరగతి పిల్లలు కొలత రాయాలి, ఆ కొలత వాతావరణ శాఖకి చేరాలి. సైన్సు పాఠం కూడా అవుతుంది. పిడుగు హెచ్చరిక వస్తే బడి గంటో, మైకో మోగాలి. ఫోన్ లేనివాడికీ వినపడాలి. పంచాయతీ స్థాయి సూచన అని 2024 అక్టోబర్‌లో మొదలుపెట్టారు కదా, అది సచివాలయం గోడ మీద తెలుగులో రాయాలి, కువి, కోయ మాట్లాడే గూడేల్లో ఆ భాషలో చదివి వినిపించాలి. చదివే ఉద్యోగం మన డిగ్రీ పిల్లలకే ఇవ్వాలి. మూసిన యూనిట్లు తెరవాలి, ఏజెన్సీ నుంచి మొదలుపెట్టాలి.

ఫిజిక్స్, మ్యాథ్స్ చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. మన డిగ్రీ తర్వాత బీఈడీ, కానిస్టేబుల్ తప్ప ఇంకేం లేవని ఎవరో మనకి ఎక్కించారు. వాతావరణ శాస్త్రంలో పీజీ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనే ఉంది. ఆ గళ్ల లెక్క కట్టే గదిలో కొండకి రెండు పక్కలా తెలిసినవాడు ఒకడైనా కూర్చోవాలి.

ఐటీడీఏ పీవో గారికి ఇచ్చే అర్జీ రాస్తున్నాం. కింద మీ గూడెం పేరు, పంచాయతీ, దగ్గర్లో రెయిన్ గేజ్ ఎంత దూరంలో ఉంది, సిగ్నల్ ఎక్కడికి పోతే వస్తుంది, ఈ నాలుగూ రాయండి. గత అయిదేళ్లలో మీ ఊళ్లో పిడుగుకి ఎవరైనా పోయి ఉంటే ఏ ఏడాదో అది కూడా రాయండి, మనుషుల పేర్లు వద్దు. వచ్చే గ్రీవెన్స్ రోజుకి జాబితా తీసుకుని మేం వెళ్తున్నాం. వచ్చేవాళ్లు ముందు రోజు సాయంత్రానికి హాస్టల్‌కి వచ్చేయండి, పడుకోవడానికి చోటు చూస్తాం.